వడ్ల అర్రలో కొసరు

ముత్తంగి జిమ్ములో అబద్ధాలు చాలా మర్యాదగా చెప్తారు. "లాస్ట్ వన్, అంకుల్" అంటాడు రాకేశ్. నేను పళ్ళు బిగబట్టి ఆ ఒక్కటీ చేస్తాను. "శాబాష్! అబ్ పక్కా లాస్ట్" అంటాడు. అదీ చేస్తాను. "బస్, ఏక్ ఔర్." రాకేశ్ ఆ జిమ్ములో కసరత్తు నేర్పే యువకుడు, బీహార్ నుంచి వచ్చాడు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక, కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవాలంటే తొడల్లో బలం రావాలని డాక్టరు గట్టిగా చెప్పడంతో, రింగు రోడ్డు పక్కన టైర్ల షాపు మీద ఉన్న ఈ జిమ్ముకు దినం తప్పి దినం వస్తున్నాను. కింద లారీల హారన్లు, పైన స్పీకర్లో పాటలు, గోడల మీద నొప్పి గురించి ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలు. షిఫ్టు దిగిన కార్మికులు టిఫిన్ డబ్బాలు మూలన పెట్టి, ఫ్యాక్టరీలో ఎత్తింది చాలదన్నట్టు ఇక్కడ మళ్ళీ ఎత్తుతారు.

అంకుల్ అన్న పిలుపు నాకు ఇంకా అలవాటు కాలేదు. నేను లాగు వేసుకుని తిరిగే రోజుల్లో మా ఊళ్ళో ముసలివాళ్ళు నన్ను చూసి చుట్ట వెనక్కి దాచేవారు. అది న్యాయమా కాదా అన్నది కాలం తేల్చింది, తేల్చవలసినట్టే తేల్చింది. కానీ అట్లా పెరిగిన వీపు ఒక తీరుగా నిలబడటం నేర్చుకుంటుంది. ఎముకల డాక్టరు నా ఎక్స్‌రేలు చూసి, మోకాళ్ళు పోయాయి గానీ వెన్ను మాత్రం కర్రలా ఉందన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మొన్న ఒకనాడు బరువు రొమ్ముకు ఆనించి పట్టుకుని, పొట్టి చెక్కపెట్టె మీద కూర్చుని, లేవలేకపోయాను. రాకేశ్ చెప్పిన లాస్ట్ వన్లు అన్నీ అయిపోయాయి. ఇంకొకటి మిగిలిందంటాడు. తొడలు వణుకుతున్నాయి. "దుష్మన్ కో సోచో అంకుల్! గుస్సా లాయియే!" అని అరుస్తున్నాడు. శత్రువును తలచుకోమంటాడు, కోపం తెచ్చుకోమంటాడు. ఆ గోలలో, ఎక్కడినుంచో, నోట్లో తమలపాకు ఉండగా మాట్లాడే ఒక గొంతు నెమ్మదిగా "ఇగ కొసరు" అన్నట్టు వినిపించింది. నేను ఆనాడు లేవలేదు. బరువు కింద పెట్టి ఇంటికి వచ్చేశాను. దారంతా ఆ గొంతే నా వెంట వచ్చింది. అది మా నాయనమ్మది. ఆ మాట సంగతి చెప్పాలంటే మా వడ్ల అర్ర గురించీ, ఆమె కుడి చెయ్యి గురించీ చెప్పాలి. ఆ చెయ్యి మళ్ళీ నోటి దాకా లేస్తుందా, లేక ఆమె తిండి లేకుండానే పోతుందా అని మా ఇల్లు ఒక ఎండాకాలమంతా ఊపిరి బిగబట్టి చూసింది.

మాది భానూరు పక్కన ఒక ఊరు. మా ఇంటిని గడి అనేవారు. గడి అంటే చాలామంది అనుకునే కోట కాదు, మందపు గోడల పెద్ద ఇల్లు, నడుమ వాకిలి, వాకిలికి ఒక పక్క వడ్ల అర్ర. గింజలు నిలవ చేసే గది అది. కిటికీలు ఉండవు, తలుపు ఒక్కటే. తాత పోయాక ఆ తలుపు తాళంచెవి నాయనమ్మ బొడ్లోకి చేరింది. ఆమె సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎక్కడ కూర్చున్నా గోడకు ఆనుకునేది కాదు. ఆనుకుని కూర్చోవడం రోగిష్టి వాళ్ళ పని అని ఆమె నమ్మకం. నేను అన్నం తింటూ స్తంభానికి వీపు తగిలిస్తే, వంటింట్లోంచే "అది పడిపోతదని పట్టుకున్నవారా?" అని అడిగేది. పొద్దున్నే ఆమె దగ్గర ఆముదం వాసన, పగలు సున్నం, తమలపాకు వాసన, సాయంత్రమైతే ఇల్లంతా జొన్నరొట్టె కాలే వాసన. మా అమ్మ నా పసితనంలోనే పోయింది కాబట్టి నాకు ఇంటి వాసన అంటే ఇవే.

కూలికి గింజలు కొలిచే రోజు నాకు లీలగా గుర్తుంది. అర్ర ముందు గద్దె మీద నాయనమ్మ కూర్చునేది. కొలిచే మనిషి కుంచం నింపి ఒంపుతుంటే లెక్క ఆమె చెప్పేది. ఒకటి అనేది కాదు. గింజల దగ్గర ఎవరూ ఒకటి అనరు. "లాభం" అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అని పోతారు. లెక్క పూర్తికాగానే కొలిచే మనిషి కుంచం బోర్లించి పక్కకు జరిగేవాడు. అప్పుడామె గద్దె దిగి, ఇత్తడి సోల, ఒంటిచేత్తో పట్టే చిన్న కొలత, తీసుకుని తన చేత్తో నింపి, ఎదురుగా నిలబడ్డ మనిషి కొంగులో ఒంపేది. అది కొసరు. దానికి లెక్క పలికేది కాదు. సోల అంచున చెయ్యి పెట్టి చదును చేసేది కూడా కాదు, శిఖరం కట్టినది కట్టినట్టే జారవిడిచేది. ఊళ్ళో వేరే ఇళ్ళలో కూడా కొసరు పెట్టేవారు గానీ పనివాళ్ళ చేత పెట్టించేవారు. మా ఇంట్లో మాత్రం కొసరు పెట్టే చెయ్యి ఆమెదే.

నాకు మీసాలు వచ్చేనాటికి అర్ర ఖాళీ అయింది. భూమి కొంత సీలింగు చట్టంలో పోయింది, కొంత ఫ్యాక్టరీల గోడల లోపలికి పోయింది, మిగిలింది మా నాయన చేతుల మీదుగా పోయింది. నాయన సంగతి ఇక్కడ రాయను. ఆయన పోయారు, నేను ఆయన కొడుకును. అర్రలో పాత వడ్ల వాసన, ఎండిన వేపాకు వాసన, గోడలకు అలికిన పేడమన్ను వాసన మాత్రం మిగిలాయి. గాలి పటాన్‌చెరు వైపు నుంచి వీస్తే మందుల కంపెనీల ఘాటు వాకిట్లోకి వచ్చేది గానీ, ఆ అర్రలోకి రాలేకపోయేది. తలుపు వేస్తే లోపల ఇంకా పాత కాలమే.

ఆ అర్రలోకి కసరత్తు తెచ్చినవాడు యూసుఫ్. నా ఈడువాడు. వాళ్ళ నాన్నకు పటాన్‌చెరులో లేతు మిషను షాపు ఉండేది. అక్కడ పనిచేసి యూసుఫ్ భుజాలు ద్వారబంధాల్లా తయారయ్యాయి. నేనేమో సంగారెడ్డి కాలేజీకి బస్సులో పోయి వచ్చే పుల్లను. "దొర కొడుకువు, గిట్ల ఉంటె ఎట్లనయా? గాలొస్తె నిన్ను పట్టుకోనీకి ఇద్దరు జీతగాళ్ళు గావాలె. ఇప్పుడు జీతగాళ్ళు కూడా లేరాయె" అనేవాడు. మా పాత ఎడ్లబండి విప్పి ఇనుప ఇరుసు బయటికి తీశాడు. దానికి రెండు కొసలా రెండు ఇసుర్రాళ్ళ పై పలకలు దూర్చాడు. ఒకటి జొన్నలు విసిరేది, ఒకటి పప్పులు విసిరేది. జొన్నలది బరువెక్కువ. ఇరుసు ఎత్తగానే ఎడమకు గుంజేది. పప్పుల వైపు లేతు మీద తీసిన ఇనుప కడియాలు ఎన్ని వేసినా ఆ గుంజుడు పూర్తిగా పోలేదు. నా ఎడమ భుజం ఇప్పటికీ కుడిదాని కంటే కొంచెం ఎత్తుగా ఉంటుంది, దర్జీలు అడుగుతారు.

మొదటిరోజు ఇరుసు కింద పడ్డ చప్పుడుకు నాయనమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏందిరా గది? గోడ కూలిందనుకున్న."

"కసరత్తు, నాయనమ్మా."

"జొన్నలు లేకుంట ఇసుర్రాయి పట్టిన్రా? మరి పిండేది?"

యూసుఫ్ చొక్కా చెయ్యి పైకి లాగి కండ బిగించి చూపించాడు. "పిండి గిది, దాదీ."

"అది పిండి కాదురా ఈసుపు. ఉడకని ముద్ద."

మర్నాడు బాలమ్మ చేత పీట వేయించుకుని గుమ్మం పక్కన కూర్చుంది. బాలమ్మ మా ఇంట్లో దంచి, విసిరి, ఊడ్చి, అన్నీ చేసిన మనిషి. అంతకుముందు వాళ్ళ అత్త అదే పని చేసింది. కూలి కొలత ఆగిపోయాక కూడా బాలమ్మ రావడం ఆగలేదు. ఎందుకు వస్తున్నదో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. నేను ఇరుసు నేల మీది నుంచి రొమ్ము మీదికి, అక్కడి నుంచి తల మీదికి ఎత్తాను. వెనక నుంచి "లాభం" అని వినిపించింది. యూసుఫ్ నవ్వి, "ఏక్ అనుండ్రి దాదీ" అన్నాడు. "వడ్ల అర్రల ఒకటి అంటార్రా?" అంది ఆమె. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గదిలో కొలవడానికి ఏదో దొరికింది. ఆమె గొంతు గద్దె మీద కూర్చున్నప్పటి గొంతయింది.

బరువులెత్తేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. మొదటివి దేహం ఎత్తుతుంది. చివరిది వచ్చేసరికి దేహం తన పని అయిపోయిందని తేల్చేస్తుంది. ఇరుసు నా నుదుటి దాకా వచ్చి అక్కడ నిలిచిపోయేది. పైకి పోదు, కిందికి దించడానికి మనసు రాదు. అప్పుడు ఏం తలచుకోవాలన్నదే అసలు విద్య. యూసుఫ్‌కు తెలిసిన విద్య కోపం. "మీ చెల్కల గోడ కట్టినోన్ని యాద్ చేస్కో! వాని మీద పడేస్తున్ననుకో!" అని చెవిలో అరిచేవాడు. నేను తలచుకునేవాణ్ణి. కోపం ఒకసారి పనిచేస్తుంది, నిజమే. ఇరుసు తల మీదికి పోయేది. కానీ మరునాటికి ఆ కోపం పాతబడిపోయేది, ఇంకొంత కొత్త కోపం వెతుక్కోవలసి వచ్చేది. పైగా మా భూమిలో ఆ ఫ్యాక్టరీ గోడ కట్టినవాడి ముఖం నేను ఎన్నడూ చూడలేదు. ముఖం లేనివాడి మీద ఎన్నాళ్ళని కోప్పడతాం?

ఒక సాయంత్రం ఇరుసు నుదుటి దగ్గర ఆగిపోయి, దించేశాను. యూసుఫ్ గొంతు చించుకుంటున్నాడు. నాయనమ్మ పీట మీది నుంచి, "ఒర్లకురా ఈసుపు. లెక్క అయిపోయింది" అంది. అతను నోరు మూశాడు. ఆమె తమలపాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుని, "ఇగ కొసరు" అంది.

"చేతులు వస్తలేవు నాయనమ్మా."

"రాకుంటె పోయి బువ్వ తిను. ఎవ్వడన్న అడిగిండా? కొలిసి పెట్టుడు అయిపోయింది. ఇగ నిన్ను అడిగెటోడు లేడు. ఎత్తితె అది మనింటి కొసరు."

నేను వంగి ఇరుసు పట్టుకున్నాను. ఏం జరిగిందో ఇన్నేళ్ళ తర్వాత కూడా పూర్తిగా చెప్పలేను. ఎత్తాలన్న ఒత్తిడి పోయింది. ఎత్తకపోతే ఓడిపోయినట్టన్న భయం పోయింది. అడిగేవాడు లేనప్పుడు మనిషి ఇచ్చేది మొత్తం తనదే, అందులో బలవంతం పాలు లేదు. ఇరుసు నుదుటి దగ్గర ఆగింది, ఎప్పటిలాగే ఎడమకు గుంజింది, నేను తొందరపడలేదు. అది నెమ్మదిగా, మొండి ఎద్దు కదిలినట్టు కదిలి, పైకి పోయింది. కింద పెట్టి వెనక్కి చూస్తే నాయనమ్మ లేచి వంటింటి వైపు వెళ్ళిపోతున్నది. కొసరుకు ఆమె ఎన్నడూ లెక్క చెప్పేది కాదు, మెచ్చుకునేదీ కాదు. పెట్టేవాళ్ళను మెచ్చుకుంటే అది కొసరెట్లా అవుతుంది? ఇవ్వడానికి ఏమీ మిగలని ఇంట్లో నేను రోజూ ఒక్కటి, లెక్కలో లేనిది, ఇచ్చేవాణ్ణి. ఎవరికని అప్పట్లో ఆలోచించలేదు. ఆ వయసులో మన వంశానికే అనుకుంటాం.

ఆ మరుసటి ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున నాయనమ్మ వాకిట్లో నీళ్ళ బిందె ముందు కూలబడి కనిపించింది. కుడి చెయ్యి తడి గుడ్డలా పక్కన వేలాడుతున్నది. నోరు ఒక పక్కకు లాగింది. సంగారెడ్డి ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచి పంపేశారు. నడక కొంత వచ్చింది, మాట ముద్దముద్దగా వచ్చింది, చెయ్యి రాలేదు. దాన్ని రోజూ కదిలించాలని, కదిలిస్తే వస్తే రావచ్చని డాక్టరు అన్నాడు. ఇంటికి వచ్చిన రోజు బాలమ్మ అన్నం మెత్తగా కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. నాయనమ్మ పెదవులు బిగించింది. నేను పెట్టబోతే నాకూ అదే జవాబు. "పెట్టిన చెయ్యి నాది. నాకు ఒకరు పెట్టుడేంది?" అని అర్థమయ్యేలా అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఎడమ చేత్తో తినమంటే, ఆ మాట అన్నందుకు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. గ్లాసు మాత్రం ఎడమ చేత్తో పట్టుకునేది. అందుకని అంబలి, మజ్జిగ, అంతే. పళ్ళెం ముందు కూర్చోదు. చూస్తుండగానే మెడ దగ్గర ఎముకలు తేలాయి. ఇట్లాగే ఉంటే ఎక్కువ కాలం ఉండదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆమె కుడి చెయ్యి పళ్ళెం నుంచి నోటి దాకా, అంటే ఒక మూరెడు, లేవాలి. అంతే కావలసింది.

ఆమెను వడ్ల అర్ర గుమ్మం పక్కనే కూర్చోబెట్టాం. వీపు నిలవదు కాబట్టి గోడకు ఆనించవలసి వచ్చింది, దానికి ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఇత్తడి సోల తెచ్చి, ఖాళీగానే, ఆమె వేళ్ళ మధ్య పెట్టి, కింద నా చెయ్యి ఆసరాగా ఉంచి లేపాను. "ఒకటి" అన్నాను. ఆమె కళ్ళు తెరిచి నా వైపు కోపంగా చూసింది. వంకరపోయిన నోటితో "లా... భం" అంది. అర్రలో ఒకటి అన్న తప్పు నేనే చేశాను. మళ్ళీ లాభం నుంచి మొదలుపెట్టాం. కొన్నాళ్ళకు వేళ్ళు సోలను పట్టుకోవడం నేర్చాయి. మణికట్టు కదిలింది. మోచెయ్యి బెత్తెడు లేచింది, అక్కడ ఆగింది. నా ఇరుసు నుదుటి దగ్గర ఆగినట్టే ఆగింది. ఎన్ని రోజులైనా ఆ బెత్తెడు దాటలేదు.

యూసుఫ్ రోజూ సాయంత్రం వచ్చేవాడు. తనకు తెలిసిన విద్య తను చెప్పాడు. "దాదీ, మీ దుష్మన్లను యాద్ చేస్కోండ్రి. ఒక్కొక్కని చెంప మీద కొడుతున్నమనుకోండ్రి."

నాయనమ్మ చాలాసేపు ఆలోచించింది. "అందరు సచ్చిన్రు కదరా ఈసుపు" అంది. "నేనే మిగిలిన."

మేము నవ్వాం. ఆమె కూడా, ముఖంలో ఏ సగం నవ్వగలదో ఆ సగంతో, నవ్వింది. కానీ చెయ్యి బెత్తెడు దగ్గరే ఉంది. ఆ సాయంత్రం నాకు మిగిలింది ఒకటే మాట. లెక్క అయ్యాక, ఆమె చెయ్యి ఒళ్ళో పడ్డాక, "ఇగ కొసరు, నాయనమ్మా" అన్నాను. సోలలో పిడికెడు జొన్నలు పోశాను. వంటింట్లో జాడీ అడుగున ఉన్నవి అవే.

ఆమె జొన్నల వైపు చూసింది. నా వైపు చూసింది. "ఎవలికి?" అంది.

నేను ఇరుసుతో ఇచ్చిన కొసరులన్నీ గాలికే ఇచ్చాను, అది నాకు సరిపోయింది. ఆమె మాత్రం జీవితంలో ఎన్నడూ గాలికి సోల ఒంపలేదు. ఎదురుగా మనిషి ఉండాలి. అంతలో వాకిలి ఊడుస్తున్న బాలమ్మ చీపురు పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని వచ్చింది. నాయనమ్మ ఎదురుగా నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుంది. కొంగు రెండు చేతులా పట్టి చాచింది.

"నాకు పొయ్యుండ్రి దొర్సానీ. మా అత్త పట్టిన కొంగు, నేను పట్టిన కొంగు. అలవాటే."

నాయనమ్మ వీపు గోడ నుంచి విడివడింది. అది నేను కళ్ళారా చూశాను. చెయ్యి లేచింది, బెత్తెడు దగ్గర ఆగింది, సోల వణికి నాలుగు గింజలు నేల మీద రాలాయి. యూసుఫ్ తన అలవాటుకు పెదవులు తెరిచి, అరవకుండా మూసుకున్నాడు. చెయ్యి మళ్ళీ కదిలింది. బెత్తెడు దాటింది. సోల వంగి, జొన్నలు బాలమ్మ కొంగులో జలజలమని పడ్డాయి. నాయనమ్మ సోలను ఒళ్ళో పెట్టుకుని, వెంటనే గోడకు ఆనుకోకుండా, కాసేపు అట్లాగే కూర్చుంది.

అప్పటినుంచి అదే పద్ధతి. లెక్క నేను చెప్పేవాణ్ణి, కొసరుకు బాలమ్మ వచ్చేది. కానీ బాలమ్మ ఒక కొంటెపని చేసింది. రోజూ కొంగు కొంచెం ఎత్తుగా పట్టేది. మొదట నేల మీద కూర్చుని, తర్వాత పీట మీద కూర్చుని, తర్వాత మోకాళ్ళ మీద నిలబడి. నాయనమ్మ గమనించకుండా ఉంటుందా?

"ఏందే, కొంగు పైకి పోతున్నది?"

"పొడుగైతున్న దొర్సానీ. మీరు దినాం కొసరు పెట్టవడితిరి."

"ఈ వయసుల పొడుగైతున్నవా?"

"ఇంతకుముందు తిండి తక్కువుండె గద."

ఆ మాటకు నాయనమ్మ నవ్విందో లేదో నాకు గుర్తులేదు. నేను నవ్వలేదు. కొంగులో పడిన ఆ జొన్నలను బాలమ్మ పోయేటప్పుడు మళ్ళీ జాడీలో పోసి పోయేది. మరునాడు సోలలోకి అవే వచ్చేవి. ఒకరోజు పెరట్లో నాతో, "చిన్న దొరా, ఆమె చెయ్యి లేస్తున్నదని మురుస్తున్నవ్. కొంగు పట్టి పట్టి నా రెక్కలు గుంజుతున్నయి, గది సూసినవా?" అంది. నిజమే, చూడలేదు. చెయ్యి లేపేవాళ్ళ వైపే చూడటం మా ఇంటి అలవాటు.

వానలు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం, బాలమ్మ కొంగు తన గడ్డం ఎత్తుకు పట్టింది. నాయనమ్మ సోల అక్కడి దాకా వచ్చింది, ఒంపింది. బాలమ్మ లేచి, పళ్ళెంలో జొన్నగటక ముద్ద వేసి, మజ్జిగ పోసి తెచ్చి ముందు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వాకిట్లోకి వెళ్ళిపోయింది. నేను కూడా అర్రలోకి పోయి, ఇరుసు దగ్గర ఊరికే నిలబడ్డాను. ఆ సమయంలో చూడకుండా ఉండటమే మర్యాద అని మా ఇద్దరికీ ఎవరూ చెప్పకుండానే తెలిసింది. చాలాసేపటికి పళ్ళెం చప్పుడు, తర్వాత ఇంకా చాలాసేపటికి నాయనమ్మ గొంతు వినిపించాయి.

"బాలీ! ఉప్పు ఎక్కువేసినవ్."

బాలమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని కూర్చుండిపోయింది. ఏడ్చిందో, ముఖం తుడుచుకుందో తెలియదు. "అవునవును, ఇన్నాళ్ళు అంబలి తాగినోళ్ళకు గట్లనే ఉంటది" అని గట్టిగా జవాబిచ్చింది. నాయనమ్మ ఆ తర్వాత ఎన్నో చలికాలాలు చూసింది. పోయేనాడు కూడా తన చేత్తో తిని, తన చేత్తో కడుక్కుని, గోడకు ఆనుకోకుండా కూర్చునే పోయింది. బాలమ్మ కూడా చిట్కుల్‌లో కొడుకు దగ్గర ఉంటూ కొంతకాలానికి పోయింది. యూసుఫ్ ఉన్నాడు. పొట్ట పెరిగింది, లేతు షాపు మనవళ్ళు చూసుకుంటున్నారు. ఇరుసు ఎవరు తీసుకుపోయారో తెలియదు. గడి ఉన్న చోట ఇప్పుడు గోదాము ఉంది. వడ్ల అర్ర ఉన్న చోట అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. ఆ దారిన వెళ్ళేటప్పుడు నేను ముఖం తిప్పుకోను. తిప్పుకోవడం కూడా ఒకరకంగా ఆనుకోవడమే.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని జిమ్ములో కూర్చుని చాలాసార్లు ఆలోచించాను. ఇక్కడి పరికరాలు మంచివి. రెండు పక్కలా బరువు సమానం, ఎడమకు గుంజేది లేదు. రాకేశ్ కూడా మంచివాడు. నా మోకాలి గురించి నాకంటే ఎక్కువ దిగులు పడతాడు. కానీ ఇక్కడ చివరిదాన్ని అబద్ధం చెప్పి లాగుతారు, లేదంటే అరిచి లాగుతారు. మనిషి దగ్గర మిగిలిందాన్ని గుంజుకునే పద్ధతి అది. ఫ్యాక్టరీలో ఓవర్‌టైం అడిగినట్టు. మా అర్రలో లెక్క నిజం. అయిపోయిందంటే అయిపోయింది. మా ఇంటి మర్యాద అంతా మా నాయనమ్మ చేతిలో ఉందని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు ఈ మోకాలితో కుర్చీలోంచి లేవడానికి తంటాలు పడుతూ ఆలోచిస్తే, అందులో సగం బాలమ్మ కొంగులో ఉండేదని తోస్తున్నది. సగం కంటే ఎక్కువే కావచ్చు. ఆ కొంగు చాపకపోతే ఆ చెయ్యి బెత్తెడు దగ్గరే ఆగిపోయేది.

నిన్న జిమ్ముకు వెళ్ళి రాకేశ్‌ను కూర్చోబెట్టి చెప్పాను. "లెక్క నిజంగా చెప్పు. పది అంటే పది. పది కాగానే అరవకు, పక్కకు జరుగు. ఆ తర్వాతది నా ఇష్టం. అది కొసరు."

"ఓ క్యా హై అంకుల్?"

నాకు వచ్చిన హిందీలో కొసరు అంటే ఏమిటో చెప్పాను. తూకం అయిపోయాక పైన ఊరికే వేసేది అన్నాను. అతని ముఖం వెలిగింది. "అరే, ఘలువా! హమారే గావ్ మే ఘలువా బోల్తే హై." వాళ్ళ నాయనమ్మ కూరగాయలు కొంటే, ఘలువా లేకుండా సంచి మూయదట.

లెక్క మొదలైంది. "ఏక్" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఒక క్షణం ఆలోచించి, నవ్వి, "లాభ్" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో కూడా గింజలు అట్లాగే కొలుస్తారు కాబోలు. పది దాకా ఒక్క అబద్ధం లేకుండా చెప్పాడు. పది కాగానే నోరు మూసుకున్నాడు. స్పీకర్లో పాట కూడా ఎవరో తగ్గించారు. నేను బరువు రొమ్ముకు ఆనించుకుని చెక్కపెట్టె మీద కూర్చున్నాను. ఎదురుగా అద్దం, అద్దంలో నిటారుగా కూర్చున్న ముసలివాడు, వాడికి ఇవ్వవలసింది ఏమీ లేదు. ఎవలికి అని నాయనమ్మ అడిగినట్టే అనిపించింది. అప్పుడు రాకేశ్, నేను ముందుకు పడిపోతే పట్టుకుందామని కాబోలు, ఎదురుగా వచ్చి కొంచెం వంగి, రెండు చేతులూ కలిపి నా ముందు చాచాడు. ఆ దోసిలి పట్టిన ఎత్తు నాకు తెలుసు. నేను తొందరపడలేదు. మోకాలు ఒకచోట ఆగింది, ఆగనిచ్చాను. తర్వాత లేచాను.

రాకేశ్ చేతులు అట్లాగే చాచి ఉంచి, తలెత్తి చూశాడు.

"మిల్ గయా అంకుల్" అన్నాడు, అందిందని.